మినుములలో పచ్చని గింజలు: విగ్నా ప్రజాతికి చెందిన మినుము, పెసర ఎంత దగ్గర, ఎంత దూరం?

తెనాలి మాగాణి:
సభ్యులందరికీ నమస్కారం. వరి కోతకు ముందు మాగాణిలో చల్లుకోవడానికి మా ఊరి రైతు ఒకరి దగ్గర విత్తనపు మినుములు తీసుకున్నాను. చేటలో పోసి చెరుగుతూ ఉంటే నల్ల గింజల మధ్య అక్కడక్కడా ఆకుపచ్చని గింజలు కనిపించాయి. ఇచ్చినాయనను అడిగితే అవి కూడా మినుములేననీ, తమ తండ్రుల కాలం నుంచి ఆ విత్తనంలో అలాగే వస్తున్నాయనీ చెబుతున్నారు. మా ఇంట్లో వాళ్లు మాత్రం అవి పెసలేనని తేల్చేశారు. మినుము శాస్త్రీయ నామం విగ్నా ముంగో అనీ, పెసర శాస్త్రీయ నామం విగ్నా రేడియేటా అనీ ఇంటర్మీడియట్‌లో చదువుకున్నది గుర్తుంది. రెండూ ఒకే ప్రజాతివి కాబట్టి నాకు రెండు సందేహాలు కలిగాయి. ఆ పచ్చని గింజ ఏదో గింజ దశలోనే తేల్చుకునే మార్గం ఉందా? ఒకవేళ పెసలే అయితే, ఇంత దగ్గరి పంటలు రెండూ కలిసినందువల్ల వచ్చే నష్టం ఏమిటి?

బోటనీ పంతులు:
మంచి ప్రశ్న అడిగారు. ముందుగా రంగును పక్కన పెట్టండి, ఎందుకంటే ఈ రెండు జాతులను వేరు చేయడంలో అన్నింటికన్నా ఎక్కువగా మోసం చేసేది రంగే. ఆకుపచ్చని గింజలు ఇచ్చే మినుము నిజంగానే ఉంది. వృక్షశాస్త్రజ్ఞులు మినుమును చాలాకాలం కిందటే రెండు తరగతులుగా విభజించి, పెద్ద నల్ల గింజలతో త్వరగా కాపుకు వచ్చేదానిని నైజర్ అనీ, చిన్న పచ్చని గింజలతో ఆలస్యంగా కాపుకు వచ్చేదానిని విరిడిస్ అనీ పిలిచారు. అటు పెసరలోనూ ఆకుపచ్చ ఒక్కటే కాదు, పసుపు పచ్చని గింజలవీ, గోధుమ రంగువీ, నల్లనివీ నాటు రకాలు ఉన్నాయి. అందువల్ల నల్లనిదంతా మినుము, పచ్చనిదంతా పెసర అనే లెక్క అంగట్లో సరిపోతుంది గానీ విత్తనం దగ్గర సరిపోదు.

చూడవలసినది గింజ కన్ను, అంటే గింజ కాయకు అంటుకొని ఉండే చోట మిగిలే తెల్లని మచ్చ. మినుములో ఈ కన్ను గింజ ఉపరితలం కంటే స్పష్టంగా పైకి లేచి ఉంటుంది. దాని అంచులు గట్టు కట్టినట్టుండి నడుమ పొడవునా సన్నని పల్లం కనిపిస్తుంది. పెసరలో కన్ను చదునుగా, గింజతో సమానంగా ఉంటుంది, గట్టూ పల్లమూ ఉండవు. పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం ఉంటే అనుమానమే మిగలదు. అద్దం లేకపోయినా, గింజను పగటి వెలుతురులో పక్కకు తిప్పి పట్టుకొని గోటి కొనతో కన్ను మీద గీరితే మినుములో గట్టు గోటికి తగులుతుంది. ఆకారం కూడా కొంత సాయపడుతుంది, మినుము చివరలు కాస్త నలుచదరంగా తెగినట్టుంటే పెసర కొంచెం గుండ్రంగా ఉంటుంది. కానీ ఆకారం రకాన్ని బట్టి మారుతుంది, కన్ను మారదు.

గోదారి వంటిల్లు:
పంతులుగారి భూతద్దానికి తోడు వంటింటి పరీక్ష ఒకటి చెబుతాను. అనుమానం ఉన్న గింజలను వేరుచేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున పొట్టు తీసి, పప్పును రెండు వేళ్ల మధ్య బాగా నలిపి కొంచెం నీళ్లు అద్దండి. మినుమైతే వేళ్లు జారిపోయేటంత జిగురు వస్తుంది, వేళ్లు విడదీస్తే తీగ సాగుతుంది. పెసరైతే మెత్తగా పిండి అవుతుంది గానీ జిగురు రాదు. పైగా నానిన మినుముకు ఉండే ఆ ప్రత్యేకమైన వాసన పెసరకు ఎన్నడూ ఉండదు.

పాతగింజ:
ఇంత పరీక్ష అవసరమా అని అడగవలసి వస్తోంది. పెసర, మినుము రెండూ అపరాలే, రెండూ నేలకు నత్రజనిని ఇచ్చేవే, రెండింటి ఆకూ పశువులు తినేవే. మెట్ట పొలాల్లో మన పెద్దలు జొన్నలో కంది, పెసర, అలసంద అన్నీ కలిపి వేసేవారు, ఏదో ఒకటి చేతికి వస్తుందన్న ధీమాతో. ఒకే ప్రజాతికి చెందిన రెండు గింజలు పిడికెడు కలిసినంత మాత్రాన విత్తనం పాడయిందనుకోవడం మనకు కంపెనీల సంచులు అలవాటైన తరువాత వచ్చిన భయమని నా అభిప్రాయం.

ఓరుగల్లు చెలక:
పాతగింజ గారి మాటలో కొంత నిజం ఉంది గానీ, సాళ్లుగా వేసిన అంతర పంట వేరు, చల్లిన విత్తనంలో కలిసిపోయిన కల్తీ వేరు. మాది వరంగల్ వైపు చెలక భూమి. ఇక్కడ వానాకాలం తొలకరికే పెసర వేస్తాము, వరంగల్, మధిర పరిశోధన స్థానాల నుంచి వచ్చిన డబ్ల్యూజీజీ, ఎంజీజీ రకాలు మా ప్రాంతంలో అందరికీ తెలిసినవే. పెసర 60, 65 రోజులలో కోతకు వస్తుంది. కాయలన్నీ ఒకేసారి పండవు కాబట్టి కూలీలు దొరికితే రెండు విడతలుగా కాయ ఏరుతాము. పండిన కాయను ఎండలో నాలుగు రోజులు వదిలేస్తే చిట్లి గింజ నేలపాలవుతుంది, ఆ సమయంలో ముసురు పట్టిందంటే కాయలో ఉండగానే గింజ మొలకెత్తుతుంది. మా ఆగస్టు వానలు మాకు ఈ సంగతి ఏటా గుర్తుచేస్తూనే ఉంటాయి. మినుము ఇంకో రెండు మూడు వారాలు ఎక్కువ తీసుకుంటుంది. అందువల్ల మినుము చేలో కలిసిన పెసర, మినుము కోసే నాటికి సగం రాలిపోయి ఉంటుంది.

పొలంలో గుర్తించడానికి కాయే చాలు. మినుము కాయ పొట్టిగా, ఒళ్లంతా పొడుగాటి నూగుతో, కాడ మీద నిటారుగా నిలబడి ఉంటుంది, లోపల ఆరు, ఏడు గింజలకు మించి ఉండడం తక్కువ. పెసర కాయ సన్నగా పొడవుగా ఉండి పక్కలకు చాపినట్టో కిందికి వాలినట్టో ఉంటుంది, నూగు పొట్టిగా ఉంటుంది, గింజలు పది దాటుతాయి. కాయ పడేదాకా మాత్రం మా నాన్నగారి వంటి పాతకాపులకు కూడా ఒక్కొక్కసారి తడబాటు తప్పదు, ఎందుకంటే మూడాకుల రెమ్మా, పసుపు పచ్చని పువ్వూ రెండింటికీ ఒకే తీరున ఉంటాయి.

బోటనీ పంతులు:
చెలక గారు చెప్పిన ఆ పోలికే ఈ రెండింటినీ ఒకే ప్రజాతిలో చేర్చడానికి ఆధారం, అయితే ఆ చేరిక ఒక్కరోజులో జరగలేదు. లిన్నేయస్ పెసరను 1753లోనూ, మినుమును 1767లోనూ ఫేసియోలస్ ప్రజాతి కింద నమోదు చేశాడు. అది అమెరికా ఖండాల నుంచి వచ్చిన ఫ్రెంచి చిక్కుడు, రాజ్మాల ప్రజాతి. ఇరవయ్యవ శతాబ్దపు నడుమ వరకు మన పాత వ్యవసాయ గ్రంథాలలో మినుమూ పెసరా ఫేసియోలస్‌గానే కనిపిస్తాయి. పువ్వు నిర్మాణాన్ని, ముఖ్యంగా పడవ ఆకారపు అడుగు రేకులను, పుప్పొడి గింజల పైతొడుగును, పత్రపుచ్ఛాలను వివరంగా పోల్చిన తరువాత ఆసియా జాతులు వేరే గుంపని తేలింది. 1954లో విల్చెక్ పెసరను, 1956లో హెప్పర్ మినుమును విగ్నాలోకి మార్చారు. విగ్నా అన్న పేరును 1824లో సావి అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు, పీసా నగరంలో వృక్షశాస్త్రం బోధించిన డొమెనికో విగ్నా గౌరవార్థం పెట్టాడు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఒకే ప్రజాతిలో ఉన్నంత మాత్రాన అందరూ ఒకే దూరంలో ఉండరు. మన అలసంద కూడా విగ్నాయే, దాని పేరు విగ్నా అంగ్విక్యులేటా. కానీ అది ఆఫ్రికాలో పుట్టింది, వేరే ఉపప్రజాతికి చెందింది. మినుమూ పెసరా మాత్రం సెరటోట్రోపిస్ అనే ఆసియా ఉపప్రజాతిలో ఒకే చిన్న గుంపులో ఉన్నాయి, కుటుంబ భాషలో చెప్పాలంటే అన్నదమ్ముల బిడ్డలు. కోస్తా మాగాణుల్లో పచ్చిరొట్టకూ పశువుల మేతకూ చల్లే పిల్లిపెసర కూడా ఈ ఉపప్రజాతిదే, దాని పేరు విగ్నా ట్రైలోబేటా. మొలక దశలో కూడా చుట్టరికం కనిపిస్తుంది. మినుములోనూ పెసరలోనూ బీజదళాలు మట్టిని చీల్చుకొని పైకి వస్తాయి, మొదటి జత ఆకులకు కాడ ఉండదు. అదే ఉపప్రజాతిలోని, జపానులో పండించే అజుకి అనే పప్పుధాన్యంలో బీజదళాలు మట్టిలోనే ఉండిపోతాయి, మొదటి ఆకులకు కాడ ఉంటుంది.

పుట్టిన చోట్ల విషయంలో కూడా ఈ రెండింటి దారులు కొంచెం వేరు. బళ్లారి దగ్గరి సంగనకల్లు వంటి దక్షిణాది నవీన శిలాయుగపు స్థలాలలో, కొర్ర జాతి చిరుధాన్యాలతోనూ ఉలవలతోనూ పాటు కాలి బొగ్గయిన పెసలు దొరికాయి. మినుముకు సంబంధించిన తొలి ఆధారాలు గుజరాత్ వైపు ఎక్కువగా ఉన్నాయి.

తెనాలి మాగాణి:
పంతులుగారికి ధన్యవాదాలు. ఇంత దగ్గరివైతే ఒకే చేలో పక్కపక్కన పూసినప్పుడు సంకరం కావా? ఆ రైతు విత్తనంలోని పచ్చని గింజలు అలా పుట్టినవేమోనని నాకొక ఆలోచన.

విత్తన శుద్ధి:
ఆ అవకాశాన్ని మీరు నిశ్చింతగా తోసిపుచ్చవచ్చు. ఈ రెండు పంటలలోనూ పువ్వు విచ్చుకోక ముందే, మొగ్గ లోపలే పుప్పొడి రాలి కీలాగ్రం మీద పడుతుంది, అంటే తేనెటీగ వచ్చేటప్పటికి పెళ్లి అయిపోయి ఉంటుంది. కాబట్టి పరపరాగ సంపర్కం చాలా అరుదు. ఇక రెండింటిలోనూ క్రోమోజోములు పదకొండు జతలే అయినా, లెక్క కలిసినంత మాత్రాన కాపురం కలవదు. పరిశోధన స్థానాలలో మొగ్గను విప్పి, చేత్తో పుప్పొడి అద్ది ప్రయత్నించిన వారి అనుభవంలో, పెసరను తల్లిగానూ మినుమును తండ్రిగానూ పెట్టినప్పుడు కొద్దిపాటి గింజలు పడతాయి. మినుమును తల్లిగా పెడితే దాదాపు ఏమీ పట్టదు. పట్టిన గింజ నుంచి వచ్చిన మొక్క కూడా చాలావరకు గొడ్డుమొక్కే అవుతుంది.

ఇంత కష్టపడడం దేనికంటే, ఒకదానిలో లేని గుణం రెండవదానిలో ఉంది. మినుములో కాయలు దాదాపు ఒకేసారి పండుతాయి, పెసరలో పండవు. ఆకులను పసుపు రంగుకు తిప్పే పల్లాకు తెగులును తట్టుకునే గుణాన్ని మినుము నుంచి పెసరలోకి తేవాలని చాలామంది ప్రయత్నించారు. పంత్‌నగర్ నుంచి వచ్చిన పంత్ మూంగ్ 4 ఇటువంటి జాత్యంతర సంకరం నుంచే వచ్చిన రకం. ఇవన్నీ ప్రయోగశాలలో తరాల తరబడి ఏరి తీసినవి, చేలో వాటంతట అవి జరిగేవి కావు.

డెల్టా కౌలు:
పల్లాకు తెగులు ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పేరు ఒకే ప్రజాతిది కావడం వల్ల రైతుకు నిజంగా తగిలే దెబ్బ ఇదే. తెల్లదోమ మోసుకొచ్చే ఈ వైరస్ రెండు పంటలకూ ఒకటే. పక్క పొలంలో పెసర పసుపు రంగుకు తిరిగిందంటే నా మినుముకు గడువు దగ్గర పడినట్టే. మొదట లేత ఆకు మీద పసుపు చుక్కలు కనిపిస్తాయి, తరువాత ఆకంతా పసుపవుతుంది, చివరికి కాయ కూడా పసుపుబారి గింజ పట్టదు. గుంటూరు దగ్గరి లాం పరిశోధన స్థానం ఇచ్చిన ఎల్‌బీజీ 752 ఒకప్పుడు మా దగ్గర ఎక్కడ చూసినా అదే ఉండేది. ఈ తెగులుకు అది లొంగిపోవడంతో తట్టుకునే ఎల్‌బీజీ 787 వంటి రకాల వైపు మళ్లవలసి వచ్చింది. తెగులుకు జాతుల మధ్య హద్దు లేనప్పుడు, పెసర కలిసిన మినుము విత్తనం చల్లడం అంటే తట్టుకునే రకం మధ్యలో లొంగిపోయే మొక్కలను మనమే నాటుకోవడం. పాతగింజ గారు దీనిని కూడా లెక్కలోకి తీసుకోవాలని మనవి.

పాతగింజ:
తెగులు సంగతి అంగీకరిస్తున్నాను. అయితే నిల్వ విషయంలో నా వైపు కూడా ఒక మాట ఉంది. పెసలను పుచ్చు పురుగు పట్టినంత తొందరగా మినుములను పట్టదన్నది ఇంట్లో గింజ దాచుకున్న ప్రతివారికీ తెలిసినదే. ఒకే గాదెలో పక్కపక్కన ఉంచితే పెసర పిండయిపోయిన తరువాత కూడా మినుము నిలబడి ఉంటుంది. కాబట్టి పాత విత్తనంలో కలిసిన పెసలు ఏళ్ల తరబడి మిగిలి ఉంటాయనుకోవడం కష్టం. ఆయన తండ్రుల నాటి నుంచి వస్తున్నాయన్నారంటే ఆ పచ్చని గింజలు మినుములే కావడానికి ఎక్కువ అవకాశం ఉందని నా ఊహ.

విత్తన శుద్ధి:
ఈ వాదన బాగుంది. పుచ్చు పురుగులలో కాలోసోబ్రూకస్ చైనెన్సిస్ అనే జాతికి మినుము చాలావరకు లొంగదు, పెసర పూర్తిగా లొంగుతుంది. అయితే దానికి దగ్గరి చుట్టమైన మాక్యులేటస్ అనే మరో జాతి మినుమునూ వదలదు, కాబట్టి మినుము డబ్బా మూత తీసి పెట్టమని ఎవరికీ సలహా ఇవ్వను. మడగాస్కర్‌లో సేకరించిన ఒక అడవి పెసరలో ఈ పురుగులకు లొంగని గుణం కనబడింది. దాన్ని సాగు రకాలలోకి తెచ్చే పని చాలా దేశాలలో జరుగుతోంది.

కొత్త సభ్యురాలు:
నేను ఆహారశాస్త్రం చదువుతున్నాను. రెండింటిలోనూ మాంసకృత్తులు దాదాపు సమానమే, నూటికి 22 నుంచి 25 పాళ్లు. అటువంటప్పుడు ఇడ్లీకి మినుమే ఎందుకు కావాలి? పెసరపిండితో పులియబెట్టిన ఇడ్లీ ఎందుకు అలా పొంగదు?

గోదారి వంటిల్లు:
నేను ముందు చెప్పిన జిగురే దీనికి సమాధానం. మినుములో అరబినోగాలాక్టాన్ అనే జిగురు పదార్థం ఎక్కువ. పిండి పులిసేటప్పుడు ల్యూకోనోస్టాక్ వంటి సూక్ష్మజీవులు వాయువును విడుదల చేస్తాయి. మినప మాంసకృత్తు ఆ వాయువు చుట్టూ నురుగు కడితే, జిగురు ఆ నురుగును కూలనీయకుండా పట్టి ఉంచుతుంది. ఆవిరి తగిలేసరికి బుడగలు ఉన్నవి ఉన్నట్టు గట్టిపడతాయి. పెసరపిండిలోనూ వాయువు పుడుతుంది గానీ పట్టి ఉంచేది లేక తప్పించుకుపోతుంది. అందుకే మనవాళ్లు పెసరట్టును పులియనివ్వకుండా, రుబ్బిన వెంటనే పలుచగా పోస్తారు. గారె మధ్యలో చిల్లు పెట్టినా విరిగిపోకుండా నూనెలోకి జారేది మినప జిగురు వల్లనే. పెసర పునుగులు చేసేవారు పిండిని గట్టిగా రుబ్బుకోవలసి రావడం, అయినా మూకుడులో ఒకటో రెండో విచ్చుకోవడం మీరందరూ చూసే ఉంటారు. అప్పడాలు మినుముతో పలుచగా సాగుతాయి, పెసరతో సాగదీయాలంటే చెయ్యి తిరిగినవారికే సాధ్యం.

దీనికి వ్యతిరేక దిశలో కూడా చెప్పాలి. జిగురు లేకపోవడమే పెసరకు తేలికగా ఉడికే, తేలికగా అరిగే గుణాన్ని ఇస్తుందని నా అనుభవం. జ్వరపడి లేచినవారికి పెసరకట్టు పోస్తాము గానీ మినపపప్పు పెట్టము. శ్రీరామనవమికి వడపప్పుగా ఉడికించకుండా తినగలిగేది నానిన పెసరపప్పే. నానిన మినపపప్పును అలా పిడికెడు తిని చూడమని ఎవరినీ అడగను.

ఒసాకా తెలుగు:
ఒక్క విషయంలో జపాను ఆశ్చర్యపరుస్తుంది. మొలకలంటే పెసలే అని మనం స్థిరపడిపోయాము. చైనా, కొరియా వంటకాలలో కనిపించే తెల్లని పొడుగాటి మొలకలు నిజంగానే పెసరవి, చైనావారి అద్దాల వంటి సేమియా కూడా పెసర పిండిపదార్థంతో చేసేదే. అయితే ఇక్కడ దుకాణాలలో అమ్మే కొన్ని మొలకల పొట్లాల మీద బ్లాక్ మాప్పె అని రాసి ఉంటుంది, అది మినుమే. థాయిలాండ్, మయన్మార్‌ల నుంచి మినుములను తెప్పించి చీకటి గదులలో మొలకెత్తించి అమ్ముతారు. మొలక సన్నగా, కాస్త గట్టిగా ఉంటుంది, వేయించినా నీరు కారి మెత్తబడదు. నేను తాలింపు వేసి కూర చేసుకుంటాను. ఈ దేశంలో మినుము ఇడ్లీ కోసం కాక మొలకల కోసం ఓడలెక్కడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

బోటనీ పంతులు:
ఒసాకా గారి సమాచారం విలువైనది. మొత్తం మీద పెసర తూర్పు ఆసియా అంతటా వ్యాపించి తైవాన్‌లోని ప్రపంచ కూరగాయల పరిశోధన కేంద్రంలో ప్రధాన పంటలలో ఒకటైంది, 2014లో దాని జన్యుపటం కూడా వెలువడింది. మినుము భారతదేశం, దాని చుట్టుపక్కల దేశాలను దాటి పెద్దగా వెళ్లలేదు. అందుకే దాని మీద పరిశోధన భారం ప్రధానంగా మన లాం వంటి స్థానాల మీదనే ఉంది.

తెనాలి మాగాణి:
భూతద్దం తెప్పించి పచ్చని గింజలన్నీ ఏరి ఒక్కొక్కటే చూశాను. పంతులుగారు చెప్పిన గట్టు కొన్నింటిలో స్పష్టంగా ఉంది, గోటికి కూడా తగిలింది. వాటి పచ్చదనం కాస్త మసకగా, బూడిద పూసినట్టుగా ఉంది. మిగిలినవాటిలో కన్ను చదునుగా ఉండి, గింజ గుండ్రంగా నిగనిగలాడుతోంది. నానబెట్టి నలిపినప్పుడు కూడా ఫలితం అలాగే విడిపోయింది. అంటే ఇచ్చినాయన మాటా, మా ఇంట్లోవాళ్ల మాటా రెండూ నిజమే, ఈ విత్తనంలో పచ్చ మినుమూ ఉంది, పెసరా ఉంది. ఇప్పుడు పెసలు మాత్రం ఏరేసి మిగిలినది చల్లుకోవచ్చా?

డెల్టా కౌలు:
మాగాణిలో చల్లేటట్లయితే వద్దని చెబుతాను. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, నిలబడి ఉన్న పైరులో ఎకరానికి 16 నుంచి 18 కిలోల మినుములు చల్లుతాము. ఆ తరువాత దున్నకం ఉండదు, అంతరకృషి ఉండదు, చాలాచోట్ల నీరూ పెట్టము. నేలలో మిగిలిన పదునుతోనూ మంచుతోనూ పంట గట్టెక్కాలి. వేరు జాతి మొక్క కనబడితే పీకేయడానికి సాళ్లు కూడా ఉండవు. చివర్లో మొక్కలను మొదలంటా కోసి, కుప్ప వేసి, ట్రాక్టరుతో తొక్కిస్తాము, అంటే చేనంతా ఒకేసారి పండి తీరాలి. పెసర ముందే పండి రాలిపోతుంది, పంతులుగారి లెక్క ప్రకారం పచ్చ మినుము ఆలస్యంగా పండుతుంది, అది పండేదాకా ఆగితే నేలలో పదును ఉండదు, ఆగకపోతే పచ్చికాయ కుప్పలో పడి గింజ ముడుచుకుపోతుంది. పైగా మిల్లువారు నల్ల గింజలలో పచ్చవి కనబడితే, అవి మినుములే అయినా, పెసలు కలిశాయని ధర తగ్గిస్తారు. వారికి భూతద్దం చూపించి ఒప్పించే ఓపిక మనకుండదు.

చల్లకానికి పల్లాకు తెగులును తట్టుకునే రకం ధ్రువీకరించిన విత్తనం తెచ్చుకోండి, సంచి విప్పిన తరువాత అందులో బంగారుతీగ అనే, పైరును అల్లుకొని పీల్చే కలుపు విత్తనాలు లేకుండా జల్లెడ పట్టండి. ఇక మీ దగ్గరున్న పచ్చ మినుమును పారేయవద్దు. నీటి వసతి ఉన్న చోట గట్టు పక్కన రెండు సాళ్లు విడిగా వేసి, నూగు కాయ నిటారుగా నిలబడిన మొక్కల నుంచే విత్తనం తీసుకోండి. విత్తన శుద్ధి గారు చెప్పినట్టు పక్కన పెసర పూసినా దానికి సంకరం భయం లేదు, నల్ల మినుము పూసినా పరపరాగ సంపర్కం చాలా అరుదు కాబట్టి, అది చాలావరకు ఉన్నది ఉన్నట్టు వస్తుంది.